వృద్ధాశ్రమంలో భోజనానికి దాతలున్నారు, వ్యాపకానికి లేరు

తెలుగు రాష్ట్రాల్లో విరాళాలతో నడిచే చాలా వృద్ధాశ్రమాల కార్యాలయంలో ఒక పట్టిక కనిపిస్తుంది. ఉదయం అల్పాహారానికి ఇంత, మధ్యాహ్న భోజనానికి ఇంత, రోజంతటికీ ఇంత అని అందులో రాసి ఉంటుంది. పుట్టినరోజుకో, పెళ్ళిరోజుకో, తల్లిదండ్రుల వర్ధంతికో కుటుంబాలు ముందుగా తేదీ రాయించుకుంటాయి. ఆ రోజు వచ్చి, స్వయంగా వడ్డించి, పెద్దల ఆశీస్సులు తీసుకుని వెళతాయి. ఈ అలవాటే లేకపోతే ఎన్నో ఆశ్రమాలు ఏనాడో మూతపడేవి. అయితే ఆ పట్టికలో చోటు దొరకని గంటలు కొన్ని ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాలు ముగిసినప్పటి నుంచి రాత్రి భోజనానికి పిలుపు వచ్చేదాకా ఉండే ఐదారు గంటలకు దాత లేడు, ధర లేదు, చాలాచోట్ల ఖర్చుల పుస్తకంలో పద్దు కూడా లేదు.

ఆ సమయంలో ఆశ్రమవాసులు ఏం చేస్తారని అడిగితే, విశ్రాంతి తీసుకుంటారనే సమాధానం వస్తుంది. నిజానికి చాలామంది ఏ పనీ లేక మంచం మీద కూర్చుని ఉంటారు. పాటలు, ఆటలు, తోటపని, చదువు, ప్రయాణం వంటివి ఎందుకు ఏర్పాటు చేయలేదంటే డబ్బు లేదని నిర్వాహకులు అంటారు. వారి ఇబ్బంది నిజమే. కానీ లెక్క వేసి చూస్తే వ్యాపకాలకు అయ్యే ఖర్చు భోజనాల ఖర్చులో దాదాపు పదో వంతే. ఆ డబ్బు రాకపోవడానికి అసలు కారణం, దాన్ని ఎవరూ విడిగా లెక్కకట్టి, పేరు పెట్టి అడగకపోవడమే. లెక్క ఎలా కట్టాలో, ఎవరిని ఏ నిబంధన ప్రకారం అడగవచ్చో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వినోదం విలాసమా?

ముందుగా ఒక అపోహ తొలగాలి. కడుపు నిండా తిండి, వేళకు మందులు, తలమీద కప్పు ఉంటే చాలు, మిగిలినవి అదనపు సౌకర్యాలనే భావన దాతల్లోనూ నిర్వాహకుల్లోనూ బలంగా ఉంది. చట్టం అలా అనుకోలేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 19వ సెక్షన్, ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ఒకటైనా ఉండాలన్న ఉద్దేశంతో, వాటిని దశలవారీగా నెలకొల్పే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. అదే సెక్షన్ రెండో భాగం ఆశ్రమాల నిర్వహణ ప్రమాణాలను ప్రస్తావిస్తూ వైద్య సంరక్షణ పక్కనే వినోద సాధనాలను కూడా చేర్చింది. విషాదమేమిటంటే ఈ సెక్షన్ రాష్ట్రాలకు అవకాశం కల్పించిందే తప్ప వాటిని కట్టడి చేయలేదు. 2018 డిసెంబరులో అశ్వినీకుమార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, జిల్లాకు ఎన్ని వృద్ధాశ్రమాలున్నాయో రాష్ట్రాల నుంచి సమాచారం సేకరించమని కేంద్రాన్ని ఆదేశించవలసి వచ్చిందంటే, చట్టం వచ్చిన పదకొండేళ్ళకు కూడా లెక్క ఎంత అస్పష్టంగా ఉందో అర్థమవుతుంది.

ఆరోగ్యం వైపు నుంచి చూసినా వ్యాపకం అదనపు సౌకర్యం అనిపించదు. అరవై ఐదేళ్ళు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శారీరక శ్రమ చేయాలనీ, శరీరం తూలిపోకుండా నిలబెట్టే వ్యాయామాలు, కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు వారంలో మూడు రోజులైనా ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పడిపోయి తుంటి ఎముక విరిగిన ఒక్క వృద్ధురాలి శస్త్రచికిత్సకు అయ్యే ఖర్చు, ఆ తర్వాత మంచానికే పరిమితమైన ఆమెకు చేయవలసిన సేవ, ఆశ్రమంలోని అందరికీ ఏడాది పొడవునా వ్యాయామం చేయించే ఖర్చును సులువుగా దాటిపోతాయి.

మనసు విషయంలో చాలాకాలంగా చర్చల్లో ఉన్న ఒక ప్రయోగాన్ని ఇక్కడ గుర్తుచేయాలి. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో రెండు అంతస్తుల వారిని పోల్చి చూశారు. ఒక అంతస్తులోని వారికి తమ గది ఎలా ఉండాలో, సినిమా ఏ రోజు చూడాలో నిర్ణయించుకునే బాధ్యత తమదేనని చెప్పి, తామే చూసుకోవలసిన ఒక మొక్కను ఇచ్చారు. రెండో అంతస్తులోని వారికీ మొక్కలు ఇచ్చారు గానీ, నీళ్ళు పోయడం సహా అన్నీ సిబ్బందే చూసుకుంటారని చెప్పారు. మూడు వారాల తర్వాత మొదటి అంతస్తువారు ఎక్కువ హుషారుగా, చురుకుగా ఉన్నట్టు తేలింది. అది ఒకే సంస్థలో, తక్కువమందితో జరిగిన ప్రయోగం కనుక దాని మీద మోయలేనంత బరువు పెట్టకూడదు. అయినా నిధుల గురించి ఆలోచించేవారికి అందులో ఒక గట్టి సూచన ఉంది. రెండు అంతస్తుల్లోనూ మొక్కలకైన ఖర్చు ఒక్కటే. తేడా తెచ్చింది నిర్ణయం ఎవరిదన్న విషయం. దానికి పైసా ఖర్చు కాలేదు.

లెక్క కట్టి చూద్దాం

ఉదాహరణకు నలభై మంది ఉండే ఆశ్రమాన్ని తీసుకుందాం. ఒక్కొక్కరికి రోజుకు భోజనాల ఖర్చు రూ.120 అనుకుంటే రోజుకు రూ.4,800, నెలకు రూ.1,44,000 అవుతుంది. వ్యాపకాల పద్దు కింద రెండు దినపత్రికలకు నెలకు రూ.500, వార, మాస పత్రికలకు రూ.300, కుండీలు, విత్తనాలు, ఎరువుకు రూ.500, దారం, రంగులు, ముగ్గుపిండి, ఆట వస్తువుల వంటివాటికి రూ.700, పండుగల ప్రత్యేక ఏర్పాట్లకు సగటున రూ.1,500, రెండు నెలలకొకసారి బస్సు మాట్లాడుకుని గుడికో చెరువుగట్టుకో వెళ్ళిరావడానికి నెలకు రూ.3,000 వేసుకుందాం. ఇక్కడికి రూ.6,500 అయింది. రోజుకు రెండు మూడు గంటలు వచ్చి ఈ పనులన్నీ నడిపించే మనిషికి రూ.8,000 గౌరవ వేతనం కలిపితే మొత్తం రూ.14,500. అంటే తలకు రోజుకు రూ.12. ఊరినిబట్టి ఈ అంకెలు మారతాయి, కానీ నిష్పత్తి పెద్దగా మారదు.

ఈ లెక్కలో సగానికి పైగా మనిషికే పోతుందన్నది గమనించాలి. చాలా ఆశ్రమాలు చేసే పొరపాటు ఇక్కడే ఉంది. వస్తువులు కొనడం తేలిక, దాతలకు చూపించడం కూడా తేలిక కనుక క్యారమ్ బోర్డులు, పెద్ద టీవీ, వ్యాయామ సైకిలు తెచ్చి పెడతారు. నడిపించే మనిషి ఉండడు. ఆరు నెలలకు బోర్డు మంచం కిందకు, సైకిలు బట్టలు ఆరేసుకోవడానికి చేరుకుంటాయి. ఉన్న ఆయాలకే ఈ బాధ్యత అప్పగిస్తే పనిచేయదు. స్నానాలు చేయించడం, పక్కలు మార్చడం, బట్టలు ఉతకడంతోనే వారి రోజు గడిచిపోతుంది. పరిమితమైన డబ్బులో ఒక్కటే ఎంచుకోవలసి వస్తే, వస్తువులన్నీ వదిలేసి మనిషిని పెట్టుకోమనే నేను చెబుతాను. ఊళ్ళో రిటైరైన ఉపాధ్యాయినికో, డిగ్రీ చదువుతున్న అమ్మాయికో ఆ గౌరవ వేతనం ఆసరాగా ఉంటుంది. వారు పత్రిక చదివి వినిపిస్తే, అష్టాచెమ్మా గీసి నలుగురినీ కూర్చోబెడితే, చింతగింజలతో వామనగుంటలు ఆడిస్తే ఖర్చు దాదాపు ఉండదు. ఆకాశవాణి ఉచితం. నెలవారీ చందా లేకుండా డీడీ ఫ్రీ డిష్‌లో దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి ఛానళ్ళు వస్తాయి.

పద్దు వేసేముందు మరో పని ఉంది. వినపడని మనిషి భజనలో కూర్చోరు, కనపడని మనిషి పత్రిక పట్టుకోరు, నడవలేని మనిషి తోటలోకి రారు. వారికి ఆసక్తి లేదని రాసేసుకుంటాం. అందుకే వ్యాపకాల ఖర్చులో మొదటిది కళ్ళజోడు, వినికిడి యంత్రం, చేతికర్ర. వీటిలో చాలావాటిని సొంత డబ్బుతో కొనవలసిన అవసరం లేదు. 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలోనే ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద తక్కువ ఆదాయమున్న వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు ఉచితంగా ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ అలిమ్కో శిబిరాలు పెట్టి, ఎవరికి ఏది అవసరమో చూసి అందిస్తుంది. ఆశ్రమ నిర్వాహకులు జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో తమవారి జాబితా ముందే ఇచ్చి ఉంచితే, శిబిరం జరిగినప్పుడు వారిని మరచిపోయే ప్రమాదం ఉండదు. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు వంటి కార్యక్రమాలు జరిగినప్పుడూ ఇదే పద్ధతి పాటించవచ్చు. వయోవృద్ధుల కోసం ఉన్న జాతీయ సహాయ వాణి 14567కు ఫోన్ చేసి సమాచారం అడగవచ్చు.

ఎవరికి ఏది కావాలి

తక్కువ డబ్బున్నప్పుడు తప్పు ఎంపిక చేయడం అన్నిటికన్నా ఖరీదైన పని. ఆశ్రమంలో వ్యాపకమంటే సాయంత్రం భజన అని స్థిరపడిపోయింది. భజన చాలామందికి ఇష్టమే, ఖర్చూ లేదు. కానీ అదొక్కటే ఉంటే అక్కడున్న ముస్లిం, క్రైస్తవ వృద్ధులు, దేవుడి మీద పెద్దగా ఆసక్తి లేనివారు రోజూ ఆ గంటసేపు పక్కకు తప్పుకోవలసి వస్తుంది. ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న ఆశ్రమానికి ఎవరో చదరంగం బల్లలు బహూకరిస్తారు. జీవితమంతా పొలంలో గడిపిన మనిషికి రంగులు వేసే పుస్తకం ఇచ్చి కూర్చోబెడతారు. చిన్నపిల్లలతో చప్పట్లు కొట్టించినట్టు పెద్దవాళ్ళతో కొట్టించడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. వారు మర్యాదకు నవ్వి ఊరుకుంటారు.

ఒక్కొక్కరితో అరగంట కూర్చుని, ఇంతకుముందు ఏ పని చేసేవారు, ఏ పాటలు వినేవారు, ఏ పండుగ అంటే ఇష్టం, చేతులతో ఏం చేయగలరు అని అడిగి రాసుకోవడానికి ఖర్చయ్యేది ఒక నోటుపుస్తకం. అది రాసుకున్న చోట ఏం బయటపడుతుందో ఊహించవచ్చు. నలభై మందిలో ఆవకాయ కొలతలు నోటికి చెప్పగలిగినవారు ఉంటారు, బతుకమ్మ పేర్చడంలో చేయితిరిగినవారు ఉంటారు, కుట్టుపని వచ్చినవారు, పౌరాణిక పద్యాలు రాగయుక్తంగా పాడేవారు, లెక్కలు చెప్పినవారు ఉంటారు. సంక్రాంతికి బొమ్మల కొలువు, ఉగాదికి పంచాంగ శ్రవణం, కార్తీకంలో వనభోజనాలు, రంజాన్‌కు సేమియా పాయసం, క్రిస్మస్‌కు కేకు వారి చేతుల మీదుగానే జరిగితే ఖర్చు తగ్గుతుంది, పనీ దొరుకుతుంది. నెలకొకసారి ఆశ్రమవాసులే సమావేశమై వచ్చే నెల డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో తేల్చుకునే ఏర్పాటు ఉండాలి. లాంగర్, రోడిన్ ప్రయోగంలో మొక్క చేసిన పనిని ఇక్కడ ఆ సమావేశం చేస్తుంది.

మతిమరుపు జబ్బు ఉన్నవారి విషయం వేరు. వారికి చిన్న గుంపు, తెలిసిన పాట, చేతికి అలవాటైన పని కావాలి. పప్పు ఏరడం, వత్తులు చేయడం, పూలు గుచ్చడం వంటివి చాలాకాలం నిలిచి ఉంటాయి. దీనికి కావలసింది ఓపిక, శిక్షణ ఉన్న మనిషి. అందుకే వారు ఉన్న ఆశ్రమం గౌరవ వేతనం పద్దు కొంచెం పెంచుకోవాలి.

సమయం కూడా విరాళమే

రెండు రాష్ట్రాల కళాశాలల్లో జాతీయ సేవా పథకం విభాగాలున్నాయి. 1969లో మొదలైన ఈ పథకంలో ప్రతి విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. ఒక విభాగంలోని ఇరవై మంది తమ గంటల్లో సగాన్ని దగ్గరలోని ఆశ్రమానికి కేటాయించినా ఏడాదికి 1,200 గంటలు. ఇద్దరిద్దరుగా రోజూ గంటన్నర వచ్చినా ఏడాదంతా సరిపోతుంది. సోషల్ వర్క్ చదివే విద్యార్థులకు క్షేత్రస్థాయి శిక్షణ చదువులో భాగం. నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులకు కూడా బయటి శిక్షణ అవసరమే. కళాశాల ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం రాసి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతమంది, ఏ పనికి అన్నది స్పష్టంగా చెబితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

ఇక్కడ నిర్వాహకులు గట్టిగా నిలబడవలసిన విషయం ఒకటుంది. అక్టోబరు 1న, అంటే అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం నాడు, మూడు బృందాలు వరుసగా వచ్చి, ముగ్గురూ శాలువాలు కప్పి, ఫొటోలు తీసుకుని వెళితే, ఆ తర్వాత నెల రోజులూ ఎవరూ రారు. పెద్దవాళ్ళకు ఆ రోజు మిగిలేది అలసట. వచ్చే బృందాన్ని కాదనలేకపోతే, ఆ తేదీ నిండిందని చెప్పి ఫిబ్రవరిలో ఒక బుధవారం ఇవ్వవచ్చు. ఒకసారి వచ్చే యాభై మంది కంటే ప్రతి గురువారం వచ్చే ఇద్దరు మేలు, ఎందుకంటే పెద్దవాళ్ళు వారి పేరు గుర్తుపెట్టుకుంటారు, ఎదురుచూస్తారు. ఫొటోలు తీయడానికి ఆశ్రమవాసుల అనుమతి తప్పనిసరి చేయాలి. తాము ఆశ్రమంలో ఉన్న సంగతి ఊళ్ళోవారికి తెలియకూడదనుకునేవారు చాలామంది ఉంటారు.

డబ్బు దారులు, వాటి ముళ్ళు

అన్నిటికన్నా దగ్గరి దారి భోజన దాతే. ఆయన కార్యాలయానికి వచ్చి తేదీ రాయించుకునేటప్పుడే, రోజు భోజనానికి రూ.4,800, ఆ రోజు పత్రికలకు, ఆటపాటలకు, తోటకు మరో రూ.500 అని ఒకే పత్రంలో చూపిస్తే కాదనేవారు తక్కువ. నెలలో పదిహేను రోజులకు దాతలున్నారనుకుంటే రూ.7,500 వస్తుంది. పైన వేసిన లెక్కలో మనిషి వేతనం మినహా అన్నీ తీరి, కొంత మిగులుతుంది కూడా. అయితే ఆ రూ.500 ఏమైందో దాతకు చెప్పాలి. ఫలానా తేదీన మీ నాన్నగారి పేరిట ఇరవై ఇద్దరు బస్సులో కృష్ణ ఒడ్డుకు వెళ్ళివచ్చారని నాలుగు వాక్యాలు రాసి పంపితే వచ్చే ఏడాది ఆయన్ని అడగనక్కరలేదు.

అన్నదానానికి శాశ్వత నిధి పెట్టడం మనవారికి బాగా తెలిసిన పద్ధతి. అసలు కదలకుండా వడ్డీతో ఏటా ఒక రోజు భోజనం పెడతారు. అదే పద్ధతిలో లక్ష రూపాయలు బ్యాంకులో వేస్తే, ఆరున్నర శాతం వడ్డీ మీద ఏడాదికి రూ.6,500, అంటే నెలకు సుమారు రూ.540 వస్తుంది. రెండు దినపత్రికలు ఆ దాత పేరుతో ఎల్లకాలం వస్తాయి. అసలును ఖర్చుపెట్టకూడదని దాత రాతపూర్వకంగా చెప్పాలి, ఆ మొత్తాన్ని ఆదాయపు పన్ను చట్టం అనుమతించిన చోటే మదుపు చేయాలి. ఇవి పాటించకపోతే ఆడిట్ సమయంలో చిక్కు వస్తుంది.

పన్ను మినహాయింపు గురించి దాతలకు అరకొరగా తెలిసిన సంగతులే ఎక్కువ. 80జి మినహాయింపుగా పేరుపడిన ఈ సదుపాయం డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది. బియ్యం బస్తాలు, దుప్పట్లు, టీవీ ఇస్తే మినహాయింపు లేదు. రూ.2,000 దాటిన నగదుకూ లేదు. బ్యాంకు ద్వారానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి ఈ మినహాయింపు అసలు వర్తించదు, ఇప్పుడు ముందుగా వర్తించేది ఆ విధానమే. అందువల్ల పన్ను ఆదా అవుతుందని చెప్పి విరాళం అడిగే పద్ధతికి మునుపటి బలం లేదు. ఏ పని జరిగిందో చూపించి అడగడమే మిగిలిన దారి.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులు పెద్ద ఆశ, పెద్ద అపోహ కూడా. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం రూ.500 కోట్ల నికర విలువ, రూ.1,000 కోట్ల టర్నోవరు, రూ.5 కోట్ల నికర లాభం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చుచేయాలి. వృద్ధాశ్రమాలు, డే కేర్ కేంద్రాలు, వయోవృద్ధులకు అలాంటి ఇతర సౌకర్యాలు ఏడో షెడ్యూలులో స్పష్టంగా ఉన్నాయి. డబ్బు తీసుకునే సంస్థకు పన్ను శాఖ నమోదులు, మూడేళ్ళ అనుభవం ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 పత్రం దాఖలు చేసి నంబరు పొందాలి. ఇంతవరకూ నిర్వాహకులకు తెలుసు. తెలియనివి రెండు. ఒకటి, ఒక్కరోజు వేడుకలు సామాజిక బాధ్యత ఖర్చు కిందకు రావని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2014లోనే వివరణ ఇచ్చింది. కనుక సంక్రాంతి సంబరాలకు స్పాన్సర్ చేయమని అడిగితే కంపెనీ వెనకాడుతుంది. అదే సంక్రాంతిని ఏడాది పొడవునా నడిచే వ్యాపక కార్యక్రమంలో ఒక భాగంగా చూపిస్తే అడ్డు లేదు. రెండు, పరిపాలనా ఖర్చు 5 శాతం మించకూడదన్న నిబంధనను సాకుగా చూపి కంపెనీలు తరచుగా జీతాలకు డబ్బు ఇవ్వలేమంటాయి. ఆ పరిమితి కంపెనీ తన సామాజిక బాధ్యత విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు సంబంధించినది. ఒక కార్యక్రమాన్ని నేరుగా అమలుచేయడానికి అయ్యే ఖర్చు అందులోకి రాదని నిర్వచనంలోనే ఉంది. ఆటపాటలు నడిపించే మనిషి వేతనం అలాంటిదే. ఈ నిబంధనను దరఖాస్తులోనే ఉటంకిస్తే బేరం మొదలయ్యే చోటు మారుతుంది.

ప్రభుత్వ గ్రాంట్లలో ముఖ్యమైనది కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ నడిపే అటల్ వయో అభ్యుదయ యోజన. 1992 నుంచి వేర్వేరు పేర్లతో నడుస్తున్న వృద్ధుల సమగ్ర కార్యక్రమం ఇప్పుడు దీనిలో భాగం. నిరుపేదలైన 25 మంది వృద్ధుల ఆశ్రమానికి, 50 మంది వృద్ధ మహిళల ఆశ్రమానికి, ఇంకా మరికొన్ని రకాల కేంద్రాలకు సహాయం ఇస్తారు. దీన్ని ప్రధానంగా భోజనం, వసతి, జీతాలకు ఆధారంగానే భావించాలి. గ్రాంటు వాయిదాల్లో వస్తుంది, తనిఖీలు, వినియోగ పత్రాలు దానికి ముడిపడి ఉంటాయి. ఇలాంటి డబ్బును నమ్ముకుని వ్యాపకాల మనిషిని పెట్టుకుంటే, వాయిదా ఆలస్యమైన నెలలో మొదట ఆగిపోయేది ఆ మనిషి వేతనమే. అందుకే చిన్నదైనా ప్రతి నెలా వచ్చే స్థానిక విరాళంతో ఆ వేతనాన్ని ముడిపెట్టడం సురక్షితం.

విదేశాల్లోని తెలుగువారి విషయంలో చాలా ఆశ్రమాలు తెలియక చిక్కుల్లో పడతాయి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం చూడవలసింది దాత ఎక్కడ నివసిస్తున్నాడన్నది కాదు, ఏ దేశ పౌరుడన్నది. డాలస్‌లో ఉంటూ భారత పాస్‌పోర్టు కలిగిన వ్యక్తి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పక్కింట్లోనే ఉంటూ అమెరికా పౌరసత్వం తీసుకున్న ఆయన అన్న అంతే డబ్బు పంపితే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే ఆ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. అందువల్ల విరాళం తీసుకునే ముందు పాస్‌పోర్టు గురించి మర్యాదగా అడగడం తప్పు కాదు, అడగకపోవడమే తప్పు. నమోదు లేని ఆశ్రమానికి సాయం చేయాలనుకునే విదేశీ పౌరసత్వపు తెలుగువారు వారం వారం వీడియో కాల్‌లో మాట్లాడవచ్చు, కథ చదివి వినిపించవచ్చు. దానికి ఏ అనుమతీ అక్కరలేదు.

నెల నెలా రుసుము తీసుకునే ఆశ్రమాలకు ఈ విరాళాల గొడవ తక్కువ. స్వచ్ఛంద సంస్థగా పన్ను శాఖలో నమోదై, అరవై ఏళ్ళు దాటినవారికి నెలకు రూ.25,000 వరకు రుసుముతో వసతి, భోజనం, సంరక్షణ అందించే ఆశ్రమ సేవలకు 2018 జూలైలో జీఎస్‌టీ మినహాయింపు ఇచ్చారు. కనుక రుసుములోనే వ్యాపకాలకు ఒక భాగం కేటాయించడం, దాన్ని కుటుంబాలకు విడిగా చూపించడం ఉత్తమం.

ఆశ్రమవాసులు చేసిన పచ్చళ్ళు, వత్తులు, సంచులు అమ్మి నిధి సమకూర్చుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. నాకు ఇది అంతగా నచ్చదు. తినే వస్తువులు అమ్మాలంటే ఆహార భద్రతా నమోదు కావాలి, లెక్కలు విడిగా రాయాలి. అవి తీర్చగలిగిన చిక్కులే. పెద్ద చిక్కు ఏమిటంటే, అమ్మకం పెరిగినకొద్దీ ఇష్టంగా చేసే పని గడువుకు చేయవలసిన పనిగా మారుతుంది. చేయలేనని చెప్పడానికి ఆశ్రయం పొందుతున్న మనిషికి నోరు రాదు. చేస్తే, వచ్చిన డబ్బు చేసినవారి చేతికే వెళ్ళాలి. పింఛను సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను రూ.4,000. అది ఆ మనిషి సొంత డబ్బు. వినోద నిధి పేరిట దానిలో కోత పెట్టే హక్కు నిర్వాహకులకు లేదు.

ఇక ఖాతా. ప్రత్యేక బ్యాంకు ఖాతా తెరవనక్కరలేదు, ఉన్న పుస్తకంలో ఒక విడి పద్దు చాలు. దాత ఫలానా పనికని ఇచ్చినది ఆ పనికే వాడాలి. కూరగాయల ధరలు పెరిగిన నెలలో వ్యాపకాల డబ్బును వంటగదికి మళ్ళించాలన్న ఒత్తిడి తప్పక వస్తుంది. అప్పుడు ఏం చేయాలో కమిటీ ముందే తీర్మానం రాసుకుని ఉండాలి: మళ్ళించిన సొమ్ము ఎంత, ఎప్పటిలోగా తిరిగి జమచేస్తారు, ఎవరి సంతకంతో. నెలాఖరున ఆ పద్దు నకలు నోటీసు బోర్డు మీద, భోజన దాతల పట్టిక పక్కనే, పెద్ద అక్షరాల్లో అతికించాలి. చదవలేనివారికి సమావేశంలో చదివి వినిపించాలి. మిగిలిన రూ.300తో జామ మొక్క కొనాలా, పాత పాటల కోసం చిన్న స్పీకరు కొనడానికి దాచుకోవాలా అన్నది అక్కడే, వారి ఓటుతోనే తేలాలి.